కాలువ గట్టు మీద ఒకే రోజు ఐదు పంక్చర్లు. ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొని తప్పు చేశానా?

కనుపూరు_కాలువ
మొన్న ఆదివారం సంగతి ఎవరితోనన్నా చెప్పుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు. ఆరు నెలల కిందట నెల్లూరులో ఒక షాపులో ముప్పై రెండు వేలు పోసి ఎంటీబీ కొన్నా. ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, 27.5 అంగుళాల చక్రాలు, 2.1 అంగుళాల వెడల్పు టైర్లు. కొండల్లేని ఊళ్ళో కొండ సైకిలేందిరా అని మా నాన్న అప్పుడే అన్నాడు. కాలువ గట్లున్నాయి కదా అని నోరు మూయించా.

పొదలకూరు రోడ్డు మీద కొంత దూరం పోయి, కనుపూరు కాలువ గట్టెక్కి, సంగం బ్యారేజీ మీద పెన్న దాటి, బుచ్చి (బుచ్చిరెడ్డిపాలెం) మీదుగా ఇంటికి. మొత్తం 70 కిలోమీటర్లు అటూ ఇటూ. ఇదీ ప్లాను. గట్టెక్కిన గంటకి వెనక చక్రం తుస్సు. ట్యూబ్ మార్చా. ఇరవై నిమిషాలకి మళ్ళీ తుస్సు. రెండో స్పేర్ ట్యూబ్ కూడా వేసేశా. బ్యారేజీ కనపడేసరికి అదీ పోయింది. అక్కడ కూర్చుని ప్యాచ్ వేసుకున్నా. సంగం దాటాక నాలుగోది, ఊళ్ళో పంక్చర్ షాపులో వేయించా. ఐదోది జొన్నవాడకు తిరిగే చోట. అక్కడ ఇక నా వల్ల కాలేదు, ఆటో ఎక్కా. ఆటో అతను సైకిలుకి కూడా ఒక సీటు డబ్బులు తీసుకున్నాడు.

ఇది చాలదన్నట్టు, సంగం నుంచి వచ్చేటప్పుడు ఎదురుగాలి. తొక్కుతున్నానా నిలబడి ఉన్నానా తెలియలేదు.

సైకిలు అమ్మిన షాపు వాడికి ఫోన్ చేస్తే, గాలి తక్కువైతే ముళ్ళు దిగుతాయి, ఎక్కువ కొట్టించండి అన్నాడు. నేను అప్పటికే 60 పీఎస్ఐ గాలి కొట్టించి ఉన్నా. ఇప్పుడు టైర్లు మార్చాలా, ట్యూబ్‌లెస్ చేయించాలా, అమ్మేయాలా?

కోవూరు_కుర్రోడు
ఐదు పంక్చర్లకి ఆరోది ఫ్రీ ఇవ్వలేదా?

బుచ్చి_బాబాయి
నాయనా, నలభై ఏళ్ళు అదే గట్ల మీద 24 అంగుళాల నల్ల సైకిల్ తొక్కినాను. వెనక రెండు పాల క్యాన్లు, ముందు మా రెండోవాడు. గేర్లు లేవు, స్ప్రింగులు లేవు, డిస్కులు అసలే లేవు. ఏడాదికి రెండు మూడు పంక్చర్లు అయితే ఎక్కువ. మీ ముప్పై రెండు వేలకి పాలిచ్చే గేదె వచ్చేది కాదూ.

లో_గేర్_లావణ్య
బాబాయి గారూ, గేదె మీద సంగం దాకా పోలేరు కదండీ.

కనుపూరు గారూ, మీ బరువెంత? 70 కిలోల మనిషి 2.1 టైరులో ట్యూబ్ వేసుకుని మట్టి దారిలో తొక్కితే 30, 35 చాలు. టైరు పక్కన 65 అని రాసి ఉంటుంది, అది గరిష్ఠం. అంత కొట్టమని కాదు. 60లో టైరు రాయిలా ఉంటుంది, కంకర మీద ఎగురుతుంది, ఇసకలో కత్తిలా దిగబడుతుంది. వెడల్పు టైరు కొనుక్కుని దాన్ని సన్న టైరులా వాడుతున్నారు. అయితే ముళ్ళ విషయంలో గాలికి పెద్ద పాత్ర లేదు. ముల్లు 30లోనూ దిగుతుంది, 60లోనూ దిగుతుంది.

కనుపూరు_కాలువ
72 కిలోలు. అందుకేనా నాకు నడుం నొప్పి? నేను వయసనుకున్నా.

ఒంగోలు_గిత్త
మీకు ముళ్ళే కదా, అదృష్టవంతులు. మా వైపు నల్లరేగడి. డిసెంబర్‌లో వాన పడ్డ మర్నాడు గుండ్లకమ్మ పక్కన పొలాల దారి బాగుంటుందని దిగా. మొదటి వంద గజాలు బాగానే ఉంది. తర్వాత టైరుకి మట్టి పట్టింది, దాని మీద ఇంకాస్త, దానికి వరిగడ్డి. పిడక చుట్టినట్టు చుట్టుకుని ఫోర్కులో బిగిసిపోయింది. చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీరడం, నాలుగడుగులు వేయడం, మళ్ళీ గీరడం. ఆఖరికి సైకిల్ని భుజానేసుకుని కిలోమీటరున్నర నడిచా. చెప్పులకి కూడా అదే మట్టి, ఒక్కో కాలు అయిదు కిలోలు. ఎదురొచ్చిన పెద్దాయన ఆగి, ‘సైకిలు నిన్ను తొక్కుతున్నట్టుందే’ అన్నాడు.

నల్లరేగడిలో వాన వెలిశాక కనీసం రెండు మూడు రోజులు ఆగాలి. ఎర్రనేల అయితే మర్నాడే తొక్కొచ్చు. ఇది ఏ షాపు వాడూ చెప్పడు.

పంక్చర్_శాస్త్రి
అందరూ కాసేపు ఆగండి. కనుపూరు, పాత ట్యూబులు పారేశావా, ఉన్నాయా?

కనుపూరు_కాలువ
ఉన్నాయి, సంచిలోనే. ఎందుకు?

పంక్చర్_శాస్త్రి
పంక్చర్ ఎక్కడైందో చూడకుండా వైద్యం చేయకూడదు. ట్యూబులో గాలి నింపి నీళ్ళ బకెట్లో ముంచు. బుడగ ఎక్కడొస్తుందో పెన్నుతో గుర్తు పెట్టు. తర్వాత మూడు చూడాలి.

రంధ్రం రిమ్ము వైపు ఉంటే తప్పు ముల్లుది కాదు. స్పోకు కొన తగిలినా, రిమ్ టేపు జరిగినా అట్లా అవుతుంది. పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే పాము కాటులాగా, గాలి తక్కువై రాయి మీద పడ్డప్పుడు ట్యూబ్ నలిగిందని. నీకు 60 ఉంది కాబట్టి అది కాదు. నేల వైపు ఒకే రంధ్రం ఉంటే ముల్లు.

అసలైంది ఇప్పుడు. వాల్వు నుంచి రంధ్రం ఎంత దూరంలో ఉందో జానలు వేసి కొలువు. అన్ని ట్యూబులూ కొలువు. ట్యూబ్ తిప్పి వేసి ఉండొచ్చు, వాల్వుకి రెండు వైపులా చూడు. కొలిచాక వచ్చి చెప్పు, అప్పటిదాకా ఏమీ కొనకు.

కోవూరు_కుర్రోడు
ట్యూబుకి పోస్టుమార్టం. మనవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు.

మొలకొలుకులు
ఇంతకీ గట్టు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. మాది సంగం పక్కన, కాలువ కింద నాలుగెకరాలు. ఆదివారం వస్తే రంగు చొక్కాల గుంపు ఒకటి దిగుతుంది. నీళ్ళు వదిలిన రోజుల్లో గట్టు మెత్తగా ఉంటుంది. దాని మీద వరసగా పది చక్రాలు పోతే గాడి పడుతుంది, ఆ గాడిలో నీళ్ళు నిలుస్తాయి, అక్కడే గండి మొదలవుతుంది. 2021 నవంబరు వరద చూశారు కదా. పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలే తెగిపోయినప్పుడు కాలువ గట్టు ఎంత. పెద్ద కాలువ గట్టు మీద తొక్కండి, కాదనను. పొలాల మధ్య గెనిమల మీదకి దిగొద్దు. మార్చి, ఏప్రిల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే పక్కగా పోండి. వాటి మీద సర్రున పోయి వీడియో తీసుకున్నవాణ్ణి కూడా చూశా.

లో_గేర్_లావణ్య
గెనిమల సంగతి ఒప్పుకుంటా. వడ్ల మీద తొక్కేవాడికి వేరే శిక్ష ఉండాలి. కానీ గట్టు గాడి మొత్తం సైకిళ్ళ మీద వేస్తే ఎట్లా అండీ? అదే గట్టు మీద ట్రాక్టర్లు పోతున్నాయి, ఇసక బండ్లు పోతున్నాయి. సైకిలూ మనిషీ కలిపి తొంభై కిలోలు.

మొలకొలుకులు
ట్రాక్టర్ మాది, గట్టు చెడితే పూడ్చుకునేదీ మేమే. మీరు పూడ్చడానికి రారు కదమ్మా.

లో_గేర్_లావణ్య
పిలవండి, వస్తా. నిజంగానే.

బుచ్చి_బాబాయి
ఆయన చెప్పింది సబబు. తడి గట్టు మీద మేమూ దిగి నడిపించుకునే పోయేవాళ్ళం.

కనుపూరు_కాలువ
శాస్త్రి గారూ, కొలిచా. మా ఆవిడ స్నానాల గదిలోకి వచ్చి నన్నూ బకెట్నీ చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

మొదటి ట్యూబ్: నేల వైపు, వాల్వు నుంచి జానా బెత్తెడు. రెండో ట్యూబ్: నేల వైపు, జానా బెత్తెడు! మూడో ట్యూబులో రెండు చోట్ల. ఒకటి నేను బ్యారేజీ దగ్గర వేసిన ప్యాచ్. అది ఒక మూల లేచి ఉంది, గాలి అక్కడి నుంచే వస్తోంది. రెండోది జానా బెత్తెడుకి వేలెడు అవతల, దాని మీద షాపు వాడి ప్యాచ్. నా ప్యాచ్ ఉన్నది కూడా సరిగ్గా జానా బెత్తెడు దగ్గరే.

పంక్చర్_శాస్త్రి
అంటే ఐదు పంక్చర్లు కాదు నాయనా. ఒకే ముల్లు నాలుగు సార్లు కుట్టింది. ఐదోది నీ ప్యాచ్ లేచిపోవడం.

ట్యూబ్ మార్చేటప్పుడు టైరు ఒక పక్కే ఊడదీసి ఉంటావు. రెండో పక్క రిమ్మునే పట్టుకుని ఉంది కాబట్టి టైరు తిరగలేదు, ముల్లు అక్కడే ఉండి కొత్త ట్యూబ్ వచ్చినప్పుడల్లా పలకరించింది. ఇప్పుడు టైరు తీసి, ఆ చోట లోపల వైపు దూది ఉండతో రుద్దు. వేలితో రుద్దొద్దు, గుచ్చుకుంటుంది. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఉంది. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు, ముల్లు విరిగి రబ్బరులో సమంగా అయిపోయి ఉంటుంది.

ప్యాచ్ కూడా తప్పే వేశావు. సొల్యూషన్ పూయగానే అంటించి ఉంటావు. ఆకురాయితో బాగా గరుకు చేసి, పలచగా పూసి, మెరుపు పోయేదాకా ఆగాలి. వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉండాలి. అప్పుడు ప్యాచ్ వేసి గట్టిగా ఒత్తాలి. తొందరపడితే ఎండకి లేచిపోతుంది.

కనుపూరు_కాలువ
దొరికింది!! బియ్యపు గింజలో సగం ఉంది, గోధుమ రంగు. బయట నుంచి నిజంగానే ఏమీ లేదు. ట్వీజర్‌తో లోపలికి లాగితే వచ్చింది. ఈ నలుసుకి నేను ఆటో ఎక్కానా.

కోవూరు_కుర్రోడు
దాన్ని డబ్బాలో పెట్టి దాచు. ఆటో చార్జీతో కలిపి చూస్తే జిల్లాలో అతి ఖరీదైన ముల్లు.

ఒంగోలు_గిత్త
ఏ ముల్లు? పల్లేరా, చిల్లకంపా?

పంక్చర్_శాస్త్రి
సైజు చూస్తే పల్లేరే. చిల్లకంప ముల్లు పొడుగు, బయట మొండెం కనపడుతుంది.

పల్లేరు కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్ళు, మేక కొమ్ముల్లాగా. ఎట్లా పడ్డా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. అమెరికాలో దీన్ని గోట్‌హెడ్ అంటారు, అక్కడి సైకిళ్ళ వాళ్ళకీ ఇదే శని. గట్టు మీద పసుపు పూల తీగ నేలకి పరుచుకుని ఉంటే అదే. ఆ పక్కకి పోకుండా నడిమి గాడిలో తొక్కాలి. ఎదురుగా ఏమీ రాకపోయినా పక్కకి జరిగే మర్యాద మన వాళ్ళకి ఎక్కువ. ఆ మర్యాదకే పంక్చర్లు.

చిల్లకంప అంటే సర్కారు తుమ్మ. అది మన చెట్టు కాదు, 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి తెచ్చినది. దానితో ప్రమాదం ఎక్కడంటే, పొలాలకి కంచె వేసేటప్పుడు ఆ కొమ్మల్ని దారికి అడ్డంగా ఈడ్చుకుపోతారు. అట్లా ఈడ్చిన జాడ కనపడితే దిగి సైకిల్ ఎత్తుకుని దాటడమే.

మొలకొలుకులు
పల్లేరుని మూత్రంలో రాళ్ళకి నాటు మందుగా వాడతారు. మా నాయనమ్మ కషాయం కాచేది.

కోవూరు_కుర్రోడు
ట్యూబుకి పట్టించి చూడండి, పనిచేస్తుందేమో.

లో_గేర్_లావణ్య
ట్యూబ్‌లెస్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆ ధరలో వచ్చే సైకిళ్ళ రిమ్ములు చాలావరకు ట్యూబ్‌లెస్‌కి పనికిరావు. టేపు చుట్టి బలవంతంగా చేయించొచ్చు గానీ, కాలువ గట్టు మీద టైరు రిమ్ము నుంచి ఊడితే చేతిపంపుతో మళ్ళీ కూర్చోబెట్టడం కుదరదు. మీకు అంతకంటే తేలిక మార్గం, ట్యూబ్ లోపలే సీలెంట్, అంటే రంధ్రాల్ని మూసే ద్రవం, పోయడం. మీ సైకిలుది మోటారు సైకిల్ మాదిరి లావు వాల్వా, సన్నదా?

కనుపూరు_కాలువ
లావుది.

లో_గేర్_లావణ్య
మంచిది. దాని లోపలి పిన్ను ఊడుతుంది, అందులోంచి పోయొచ్చు. చక్రానికి వంద మిల్లీ లీటర్ల దాకా. పల్లేరు లాంటి సన్న రంధ్రాన్ని అది మూసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్ళీ పోయాలి. ఎండాకాలం ఇంకా తొందరగా. ఇంకొకటి, సన్న వాల్వు ఉన్నవాళ్ళు ఒక అడాప్టరు జేబులో ఉంచుకోండి. పల్లెల్లో పంక్చర్ షాపు పంపు సన్న వాల్వుకి పట్టదు. మనిషున్నాడు, పంపుంది, గాలి మాత్రం ఎక్కదు. చేజర్ల దగ్గర నాకు అయింది.

బుచ్చి_బాబాయి
ఇంతకీ మా నల్ల సైకిలుకి ఎందుకు పంక్చర్లు కాలేదో చెప్పరేం.

పంక్చర్_శాస్త్రి
అవి మందం రబ్బరు టైర్లు బాబాయ్, పైగా మీరు పక్కకి జరిగేవారు కాదేమో.

బుచ్చి_బాబాయి
పాల క్యాన్లతో పక్కకి ఎట్లా జరుగుతారు. ఎదుటివాడే జరగాలి.

ఒంగోలు_గిత్త
బాబాయి సైకిల్ని తక్కువ చేయొద్దు. ఎంటీబీ పుట్టిందే అట్లాంటి సైకిళ్ళ నుంచి. 1976లో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళు కొండ మీదికి తీసుకుపోయి కిందికి పందెం వేసుకునేవాళ్ళు. వాటికి వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి వచ్చేసరికి ఇరుసులో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్ళీ గ్రీజు నింపాలి. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. తొలి ఎంటీబీలు తయారుచేసిన గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటి వాళ్ళు అక్కడి నుంచే వచ్చారు. ఇరవై ఏళ్ళకి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అదే ఆట.

కోవూరు_కుర్రోడు
అయినా వాళ్ళకి కొండుంది. మనకేముంది? నెల్లూరులో ఎత్తైన చోటు ఫ్లైఓవర్.

ఒంగోలు_గిత్త
పడమటకి పోరా నాయనా. వెలిగొండలు ఎవరి జిల్లాలో ఉన్నాయి? ఉదయగిరి దుర్గం చూడు. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి అది లొంగడానికి నెలల తరబడి ముట్టడి పట్టింది, 1514లో గానీ చేతికి రాలేదు. నీ సైకిలుకి ఆ కొండ చాలదా?

లో_గేర్_లావణ్య
రాపూరు, పెంచలకోన వైపు మాత్రం అడవి దారుల్లోకి తోచినట్టు దిగకండి. అది పెనుశిల నరసింహ అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. తారు రోడ్డు మీద గుడి దాకా పోయి రావడమే చాలా బాగుంటుంది.

నా మటుకు నాకు కొండ లేని లోటు ఎప్పుడూ తెలియలేదు. ఎక్కడానికి మనకి ఎదురుగాలి ఉంది. అదే మన ఘాట్ రోడ్డు. దిగుడు మాత్రం ఉండదు.

కనుపూరు_కాలువ
ఎదురుగాలి సంగతి మొదట్లోనే చెప్పా, ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున పోయేటప్పుడు గాలే లేదు. వచ్చేటప్పుడు మొహం మీద కొట్టింది.

మొలకొలుకులు
అది సముద్రపు గాలి. పొద్దెక్కి నేల కాలాక సముద్రం వైపు నుంచి లోపలికి వీస్తుంది. మధ్యాహ్నం మీరు పడమట నుంచి తూర్పుకి వస్తుంటే ఎదురే కదా. మేం తూర్పారబట్టేది ఆ గాలికే. పొద్దున మైపాడు వైపు పోండి, మధ్యాహ్నం అదే గాలి ఇంటికి తోసుకొస్తుంది. సంగం పోవాలంటే తెల్లవారక ముందే బయల్దేరి పదకొండుకల్లా తిరిగి రావాలి.

ఒంగోలు_గిత్త
ఈ ముక్క మాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు సామీ.

మొలకొలుకులు
మీరు అడగలేదు. రంగు చొక్కాలేసుకుని సర్రున పోతిరి.

కోవూరు_కుర్రోడు
నాది ఒకటే ప్రశ్న. గొర్రెల మందతో ఉండే కుక్కలు. ఏం చేయాలి?

బుచ్చి_బాబాయి
వేగంగా తొక్కొద్దు. పారిపోయేదాన్నే అది తరుముతుంది. దిగు, సైకిల్ని నీకూ దానికీ మధ్య పెట్టుకుని నడువు. మందకాపరిని కేకేసి ‘ఏం పెద్దాయనా, ఎండ ముదిరిందే’ అని పలకరించు. ఆయన బదులిస్తే కుక్క ఊరుకుంటుంది.

లో_గేర్_లావణ్య
ఇది నిజం. మూడేళ్ళుగా నాకు పనిచేస్తున్న ఒకే ఒక్క పద్ధతి. మనిషి కనపడకపోతే మాత్రం వెనక్కి తిరగడమే, పౌరుషానికి పోవద్దు.

కోవూరు_కుర్రోడు
కాపరి చెట్టు కింద నిద్రపోతుంటే?

బుచ్చి_బాబాయి
గట్టిగా కేకెయ్యి. మొహమాటపడితే పిక్క పోతుంది.

మొలకొలుకులు
లావణ్య గారూ, వచ్చే శనివారం మా తూము దగ్గర గట్టు ఎత్తు చేస్తున్నాం. వస్తానన్నారు.

లో_గేర్_లావణ్య
వస్తా. ఇంకో ఇద్దరిని కూడా తీసుకొస్తా. పారలు మీవే.

ఒంగోలు_గిత్త
మధ్యాహ్నం చేపల పులుసు ఉంటే నేను కూడా.

మొలకొలుకులు
పులుసు పెన్న చేపది. పార మాత్రం ముందు.

కనుపూరు_కాలువ
వారం తర్వాత వచ్చి రాస్తున్నా. గాలి 32కి దించా, రెండు చక్రాల్లో సీలెంట్ పోయాలనుకున్నా గానీ వెనకదానికే సరిపోయింది. నిన్న పొద్దున ఐదున్నరకి బయల్దేరి మైపాడు, అక్కడ ఇసకలో కాసేపు, మధ్యాహ్నం గాలి తోస్తుంటే వెనక్కి. పంక్చర్లు సున్నా. ఇంటి ముందు సైకిల్ పెట్టి, రెండు ఫోటోలు తీసి, పడుకున్నా.

ఇవాళ పొద్దున లేచి చూస్తే ముందు చక్రం నేలకి అతుక్కుని ఉంది. ఆరా తీస్తే తేలింది, కొండల్లేని ఊళ్ళో కొండ సైకిలేందిరా అన్న మా నాన్న తెల్లారుజామున దాన్నేసుకుని చెరువు కట్ట మీదుగా చేపలకి పోయొచ్చాడట. ‘బాగుందిరా, కుదుపే తెలియలేదు’ అంటున్నాడు.

పంక్చర్_శాస్త్రి
వాల్వు నుంచి ఎంత దూరం?